ముప్ఫై అయిదు గ్రాముల అమానతు

పక్షిని ఇంట్లో ఉంచుకోవడం ధర్మమేనా అన్న చర్చ మా బంధువర్గంలో తరచూ నడుస్తుంది. మూడేళ్ళుగా మా ఇంట రెండు చిన్న చిలుకలున్నాయి గనుక ఆ చర్చ చివరికి మా గుమ్మం దగ్గరికే వచ్చి ఆగుతుంది. కొందరు ముచ్చటపడి ఎక్కడ కొన్నారని అడుగుతారు. మరికొందరు నోరులేని జీవాన్ని బంధించారే అని నొచ్చుకుంటారు. ఇరువురికీ మేము చెప్పేది ఒక్కటే: ముందు పంజరం చూడండి, తర్వాత మాట్లాడుకుందాము. ఒక కుటుంబం తన పక్షి పట్ల ఎలా వ్యవహరిస్తున్నదో ఆ ఇంటి పంజరమే సాక్ష్యం చెబుతుంది. దాని కొలత, అది ఉన్న చోటు, లోపల అమర్చిన కొమ్మలు, అడుగున పరచిన కాగితం, వీటిలో ఏదీ అల్పమైన విషయం కాదు.

ముందుగా 'చిలుక' అన్న మాటను తేటపరచుకోవాలి. మన తోటల్లో, జామచెట్ల మీద, పాత కట్టడాల కన్నాల్లో కనిపించే ఆకుపచ్చని రామచిలుక ఈ నేలకు చెందిన అడవి పక్షి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దానిని పట్టడం, అమ్మడం, కొనడం, పంజరంలో ఉంచుకోవడం నేరం. మాకు తెలిసిన ఒకాయన చెట్టుతొర్రలోంచి రామచిలుక పిల్లను తెచ్చి ఇస్తాననీ, మాటలు నేర్పితే మా అమ్మీకి తోడుగా ఉంటుందనీ ఒకసారి అన్నాడు. మేము వద్దన్నాము. చట్టం ఒక్కటే దానికి కారణం కాదు. ఒక ప్రయాణంలో సహచరులు ఒక పిట్ట పిల్లలను తీసుకురాగా, తల్లి పక్షి రెక్కలు కొట్టుకుంటూ తల్లడిల్లడం చూసి, దైవప్రవక్త ముహమ్మద్ (స) ఆ పిల్లలను తిరిగి తల్లి దగ్గరికి చేర్చమని ఆదేశించిన ఉదంతం అబూదావూద్ హదీసు గ్రంథంలో ఉంది. ఆ ఉదంతం తెలిసిన ఇంట్లో తొర్ర నుంచి తీసిన పిల్లకు చోటు ఎలా ఉంటుంది?

మా ఇంట ఉన్నవి బడ్జెరిగార్లు. దుకాణాల్లో వీటిని 'లవ్ బర్డ్స్' అని పిలిచి అమ్ముతారు గాని, అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికాకు చెందిన వేరే జాతి. బడ్జెరిగార్ల స్వస్థలం ఆస్ట్రేలియా ఖండపు ఎండు మైదానాలు. అక్కడ అవి గుంపులు గుంపులుగా, నీటికోసం, గడ్డి గింజల కోసం దూరాలు ఎగురుతూ బతుకుతాయి. 1840లో జాన్ గూల్డ్ అనే పక్షి శాస్త్రజ్ఞుడు వాటిని ప్రాణాలతో ఇంగ్లాండుకు చేర్చాడు. ఆనాటి నుంచి తరతరాలుగా మనుషుల చేతుల్లోనే పుట్టి పెరుగుతున్నందున ఇవాళ మన దగ్గర దొరికే బడ్జీలకు అడవి అంటే ఏమిటో తెలియదు. జాలిపడి వదిలేస్తే కాకికో డేగకో ఆహారమవుతాయి, లేదంటే ఆకలితో చస్తాయి. కనుక వీటి విషయంలో విడుదల అనేది కరుణ కాజాలదు. వీటి సుఖమూ దుఃఖమూ పూర్తిగా వాటిని ఉంచుకున్న వారి చేతుల్లోనే ఉంటాయి. ఇస్లామీ పరిభాషలో దీనినే అమానతు అంటారు.

ఈ రెండూ మేము కొన్నవి కావు. మా వీధిలో అద్దెకున్న ఒక కుటుంబం వేరే ఊరికి బదిలీ అయి వెళ్తూ, తీసుకువెళ్ళే వీలు లేక మాకు అప్పగించింది. ఒకటి నీలం రంగుది, మగది. రెండోది పసుపు కలిసిన ఆకుపచ్చది, ఆడది. మగదాని ముక్కు మీది మెత్తని భాగం నీలంగా, ఆడదానిది గోధుమ వన్నెలో ఉంటుంది. అవి వచ్చిన పంజరం గుండ్రంగా, గోపురంలాంటి పైకప్పుతో చూడముచ్చటగా ఉండేది. కాని దాని అడ్డుకొలత మా చేతి జానకు కొంచెం ఎక్కువ. నీలం పక్షి రెక్కల ఈకలు ఎవరో కత్తిరించారు. నున్నని ప్లాస్టిక్ కర్ర మీదే ఏళ్ళ తరబడి నిలబడి దాని అరికాళ్ళు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. అది రోజంతా ఒకే మూల కూర్చుని కమ్మీని కొరుకుతూ ఉండేది. పశువైద్యుడు పరీక్షించి, పాదాలకు పూతమందు ఇచ్చి, అసలు మందు కొత్త పంజరమేనని చెప్పారు.

పెద్దవాళ్ళం కూర్చుని ఆలోచించాము. ఇంట్లో అమ్మీ, మేమిద్దరం, ఏడో తరగతి చదివే మా అమ్మాయి. తీసుకోవాలంటే పూర్తిగా తీసుకోవాలి, లేదా చూసుకోగలిగిన మరొకరికి అప్పగించాలి. పిల్లిని కట్టిపడేసి, తిండి పెట్టక, తన తిండి తాను వెతుక్కోవడానికి వదలక చంపిన స్త్రీ శిక్షకు గురైనట్లు హదీసులు చెబుతాయి. హజ్రత్ అనస్ (రజి) తమ్ముడు అబూ ఉమైర్ ఒక చిన్న పిట్టతో ఆడుకునేవాడనీ, అది చనిపోయినప్పుడు దైవప్రవక్త (స) ఆ పసివాడిని ఆప్యాయంగా పలకరించారనీ బుఖారీ, ముస్లిం గ్రంథాలు తెలుపుతాయి. ఈ రెండు ఉదంతాలను పక్కపక్కన పెట్టి చూసిన పండితులు, తిండి నీరు సరిగా చూస్తూ హింస లేకుండా పక్షిని ఉంచుకోవచ్చని చెప్పారు. అనుమతి ఉంది, షరతు కూడా ఉంది. ఆ షరతును నెరవేర్చే పని పంజరంతోనే మొదలవుతుందని మాకు అర్థమయింది.

పంజరానికి ఎత్తు కన్నా పొడవు ముఖ్యం. బడ్జీలు హెలికాప్టరులా నిలువుగా లేవవు, అడ్డంగా ఎగురుతాయి. అందువల్ల సన్నగా, ఎత్తుగా ఉండే గోపురం పంజరాలు మన కంటికి అందమే గాని వాటి రెక్కలకు పనికిరావు. ఒక జంటకు 30 అంగుళాల పొడవు, 18 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తు తగ్గకూడదన్నది సాధారణంగా చెప్పే కొలత. అది కనీసం మాత్రమే. మేము 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు ఉండేలా చేయించాము. గుండ్రని పంజరంలో పక్షికి ఆనుకుని నిలిచే మూల ఉండదు. నలుచదరంగా ఉంటే ఒక మూల తన సొంతమనుకుని అక్కడ నెమ్మదిగా నిద్రపోతుంది.

కమ్ముల మధ్య ఎడం అర అంగుళం మించరాదు. మించితే తల దూర్చి ఇరుక్కుంటుంది. కొన్ని కమ్ములైనా అడ్డంగా ఉండాలి, ఎందుకంటే చిలుక జాతి ముక్కును మూడో కాలులా వాడుకుని ఎగబాకుతుంది. తలుపు పైకి జరిపే రకమైతే దానికి కొక్కెం తప్పనిసరి. తెలివైన పక్షి ముక్కుతో తలుపు ఎత్తగలదు, అది మెడ మీద పడితే ప్రాణం పోతుంది. ఇక లోహం సంగతి. వెల్డింగ్ దుకాణాల్లో సులువుగా దొరికేది జింకు పూత పూసిన ఇనుప జాలీ. చిలుకలు ప్రతి వస్తువునూ కొరికి చూస్తాయి గనుక ఆ పూత రేణువులు కడుపులోకి పోయి విషమవుతాయి. తుప్పు, పాత రంగుల్లోని సీసం కూడా అంతే. మేము స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలతో చేయించాము. ఖర్చు ఎక్కువే అయింది. ఆ ఏడాది పండుగకు ఇంట్లో తలా ఒక జత బట్టలు తగ్గించుకుంటే సరిపోయింది.

పంజరం లోపల మొదట మార్చవలసినది పక్షి నిలబడే కర్ర. మనం రోజంతా నిలబడవలసి వస్తే ఎలాంటి చెప్పులు కావాలో అలాంటి ప్రశ్నే ఇది. ఒకే లావున, నున్నగా ఉండే కర్ర మీద పాదంలో ఒకే చోట ఒత్తిడి పడుతుంది, అక్కడ పుండ్లు లేస్తాయి. సహజమైన కొమ్మ ఒకచోట సన్నగా, ఇంకోచోట లావుగా, కొంత గరుకుగా ఉంటుంది. పాదం పట్టు మారుతూ ఉంటుంది. మేము వేప, జామ కొమ్మలు ఎంచుకున్నాము. పురుగుమందు కొట్టని చెట్టు నుంచే తెచ్చి, కడిగి, ఎండబెట్టి, మన చిటికెన వేలి లావు నుంచి బొటనవేలి లావు వరకు ఉన్నవి వేర్వేరు ఎత్తుల్లో బిగించాము. గన్నేరు కొమ్మ మాత్రం పొరబాటున కూడా పెట్టరాదు, అది నిలువెల్లా విషం. గోళ్ళు అరగడానికని అమ్మే ఇసుక కాగితపు తొడుగులు అరికాళ్ళను కోసేస్తాయి. తిండి, నీళ్ళ గిన్నెలకు సరిగ్గా పైన కొమ్మ లేకుండా చూసుకోవాలి. లేకపోతే రెట్ట గిన్నెలోనే పడుతుంది.

నాలుగైదు వారాల్లో నీలం పక్షి పాదాల ఎరుపు తగ్గింది. కమ్మీని కొరకడం మానలేదు. దానికి కారణం పాదంలో లేదు, రోజంతా చేయడానికి పనేమీ లేకపోవడంలో ఉంది. ఆస్ట్రేలియా మైదానంలో ఒక బడ్జీ పగటి పూట చాలా భాగం తిండి వెతకడంలోనే గడుపుతుంది. గడ్డి కంకి మీద వాలుతుంది, వంగుతుంది, గింజ ఒలుస్తుంది, మరో కంకికి పోతుంది. పంజరంలో అదే గింజ గిన్నె నిండా పోసి ఉంటుంది. పది నిమిషాల్లో పొట్ట నిండుతుంది, మిగిలిన పదకొండు గంటలూ ఏం చేయాలో తెలియదు. అలా విసిగిన పక్షులే తమ ఈకలు తామే పీక్కుంటాయి, అరుస్తాయి, ఒకే కదలికను మళ్ళీ మళ్ళీ చేస్తాయి. కనుక పంజరంలో ఆటవస్తువులు అలంకారం కోసం కావు, అవి ఆ పక్షికి దక్కవలసిన పని.

ఇందుకు ఖరీదైన సామాను అక్కరలేదు. బడ్జీలకు ప్రాణమైన గింజ మన రైతులు పండించే కొర్రే. కొర్ర కంకిని కోసినట్లుగానే తెచ్చి పై కమ్మీకి వేలాడదీస్తే, తలకిందులుగా వేలాడుతూ గింజ గింజా ఒలుచుకు తింటాయి. తాటాకును సన్నని పాయలుగా చీల్చి ముడివేస్తే గంటల తరబడి చింపుతాయి. కొబ్బరి పీచు, రంగు వేయని చెక్క ముక్కలు, ఖాళీ కాగితపు గొట్టంలో దాచిన నాలుగు గింజలు, ఊగడానికి ఒక ఉయ్యాల. అంతకు మించి అవసరం లేదు. నూలు తాడు పోగులూడితే గోరు చిక్కుకుంటుంది గనుక కుచ్చు లేచిన తాడును వెంటనే తీసేయాలి. అన్నీ ఒకేసారి పెట్టి ఇరుకు చేయక, వారానికి ఒకటి తీసి వేరొకటి పెడితే ప్రతి వారం వాటికి కొత్త వీధిలో ఉన్నట్లుంటుంది. ఎగిరే దారి మాత్రం మధ్యలో ఖాళీగా ఉండాలి.

తాటాకు ముడులు వేసే పని మా అమ్మీ తీసుకున్నారు. అబ్బా చనిపోయిన తర్వాత ఆవిడ మధ్యాహ్నాలు గోడకేసి చూస్తూ గడిపేవారు. ఇప్పుడు జుహర్ నమాజు తర్వాత పంజరం పక్కన కుర్చీ వేసుకుని ముడులు వేస్తూ పక్షులతో ఉర్దూలో మాట్లాడతారు. బడ్జీలు గుంపులో బతికే పక్షులు. ఒంటరిగా ఉంచితే కుంగిపోతాయి. అవి జంటగా ఉన్నందువల్ల ఒకదానికొకటి తోడు. అయినా మనిషి గొంతును కూడా అవి తమ గుంపులో చేర్చుకుంటాయి. ఆవిడ తస్బీహ్ చేసుకుంటుంటే నీలంది కొమ్మ చివరికి వచ్చి తల పక్కకు వాల్చి వింటుంది. రామచిలుక తెచ్చి ఇస్తానన్న పెద్దమనిషి ఇది చూసి, ఇవి మాట్లాడతాయా అని అడిగాడు. మాట్లాడకపోయినా వింటున్నాయి కదా అన్నారు అమ్మీ.

పంజరం బాగుంటే చాలదు, అది ఉన్న గాలి కూడా బాగుండాలి. పక్షి శ్వాస మన శ్వాస వంటిది కాదు. దాని ఊపిరితిత్తులకు తోడు గాలి సంచులుంటాయి. ఊపిరితిత్తుల గుండా గాలి ఒకే దిశలో నిరంతరం సాగుతుంది. ఎగరడానికి కావలసినంత ప్రాణవాయువు పొందడానికి అల్లాహ్ చేసిన అద్భుతమైన అమరిక అది. అయితే మంచి గాలి ఎంత వేగంగా అందుతుందో విషపు గాలీ అంతే వేగంగా అందుతుంది. బ్రిటన్ బొగ్గు గనుల్లో విషవాయువును ముందుగా పసిగట్టడానికి కనేరీ పిట్టలను లోనికి తీసుకువెళ్ళేవారు. 1986లో గాని ఆ పద్ధతికి స్వస్తి చెప్పాలని నిర్ణయించలేదు.

మన ఇళ్ళలో ఇలాంటి ప్రమాదాలు వంటగదిలోనే మొదలవుతాయి. అంటుకోని పూత ఉన్న నాన్‌స్టిక్ పెనం ఖాళీగా పొయ్యి మీద మితిమీరి వేడెక్కితే దాని నుంచి వెలువడే ఆవిరి మనకు కనిపించదు, వాసనా రాదు. పక్కగదిలోని పక్షి మాత్రం నిమిషాల్లో చనిపోగలదు. మేము ఆ పెనాలు తీసేసి ఇనుప పెనానికి మారాము. పంజరాన్ని వంటగదికి దూరంగా, ముందుగది లోపలి గోడకు ఆనించి, మన కంటి ఎత్తులో ఉంచాము. ఒక వైపు గోడ ఉంటే పక్షికి ధైర్యం. నాలుగు వైపులా జనం తిరిగే చోట అది ఎప్పుడూ బెదురుతూనే ఉంటుంది. దోమల చుట్టలు, అగరువత్తులు, సీసాల్లోంచి చిమ్మే సుగంధాలు, పురుగుల మందులు అన్నిటినీ ఆ గదికి దూరం చేశాము. ఒక్క విషయం దగ్గర మాత్రం ఇల్లు రెండుగా చీలింది.

మా ఇంట్లో మగ్రిబ్ వేళ ఊదు, లోబాన్ వేయడం అమ్మీ అలవాటు. ఆ వాసన అబ్బాకు చాలా ఇష్టం. మేము సంకోచిస్తూనే చెప్పాము: "అమ్మీ, ఈ పొగ వాటి ఊపిరికి పడదు. మీరు ఊదు వేసేది మేడ మీద వేస్తే బాగుంటుందేమో."

ఆవిడ నొచ్చుకున్నారు. "యాభై ఏళ్ళుగా వేస్తున్నాను బేటా. మీరంతా ఈ పొగలోనే పెరిగారు. ఎవరికేమయింది? మీ అబ్బా పోయాక ఈ ఇంట్లో ఆయన వాసన అంటూ మిగిలింది ఇదొక్కటే" అన్నారు.

దానికి మా దగ్గర జవాబు లేకపోయింది. ఒక పక్క ముప్ఫై అయిదు గ్రాముల ప్రాణం, ఇంకో పక్క తల్లి మనసు. తల్లి మనసు కష్టపెట్టి పక్షిని కాపాడటం ఏ లెక్కన పుణ్యం? పంజరాన్ని లోపలి గదికి మార్చుదామని మేమిద్దరం అనుకున్నాము. ఆ గదికి వెలుతురు తక్కువ, కాని అమ్మీ సాయంత్రాలు అమ్మీవిగానే ఉంటాయి. మరుసటి రోజు మార్చాలని కొమ్మలు విప్పుతుంటే ఆవిడ వచ్చి నిలబడ్డారు. ఎందుకు విప్పుతున్నారని అడిగారు. చెప్పాము. కాసేపు ఏమీ అనలేదు. సాయంత్రం మగ్రిబ్ నమాజు ముగించుకుని, నిప్పులు వేసిన ఊదుదాన్ని తామే పట్టుకుని మెట్ల వైపు నడిచారు. మేము అందుకోబోతే, "వద్దు. మీ అబ్బా ఉంటే ఆయనే మేడ మీదికి మోసేవారు" అన్నారు. ఆనాటి నుంచి ఊదు మేడ మీదే. రాత్రి ఆవిడ దుపట్టాకు అంటిన పరిమళం మాత్రం కింది గదిలోకి వస్తుంది.

తిండి గురించి కొంత చెప్పాలి. గింజలొక్కటే తింటే బడ్జీకి ఎ విటమిను కొరవడుతుంది, కొవ్వు పెరుగుతుంది. కొర్రలు, వరిగలు, సామలు కలిపి ఒక్కొక్క పక్షికి రోజుకు రెండు టీ చెంచాలకు మించకుండా పెడతాము. దానితో పాటు కొత్తిమీర, మునగాకు, మెంతికూర, తురిమిన క్యారెట్. సున్నం కోసం కటిల్‌ఫిష్ ఎముక. మూలికల కొట్టులో దీనినే సముద్రఫేనమంటారు. కొత్తవారు గమనించవలసిన సంగతి ఒకటుంది. బడ్జీ గింజను ఒలిచి పొట్టును గిన్నెలోనే వదిలేస్తుంది. గిన్నె నిండుగా కనిపిస్తుంది, లోపల అంతా పొట్టే. నిండు గిన్నె ముందు పక్షి ఆకలితో చచ్చిపోయే ప్రమాదం ఉంది. అందుచేత రోజూ పొట్టు ఊది చూడాలి. నీళ్ళు రోజుకు రెండుసార్లు మార్చాలి. అవకాడో, చాక్లెట్, టీ, ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు వేసిన పదార్థాలు వాటికి హాని చేస్తాయి. టీలో ముంచిన బిస్కెట్టు ముక్క ప్రేమతో పెట్టినా అది ప్రేమ కాదు.

అడుగున పాత వార్తాపత్రిక పరచి రోజూ ఉదయం మార్చడం మా అమ్మాయి పని. రెట్ట రంగు, గట్టిదనం మారితే అది పక్షి ఆరోగ్యం గురించి అందే మొదటి కబురు. ఎండిన రెట్ట ధూళి ద్వారా సిట్టకోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు మనుషులకు సోకవచ్చు. కనుక కాగితంపై కాస్త నీళ్ళు చిలకరించి తీయాలి, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. బడ్జీలు జబ్బును దాచుకుంటాయి, అడవిలో నలతగా కనిపించిన పక్షి వేటకు గురవుతుంది గనుక. ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చుందంటే అప్పటికే ఆలస్యమయిందని అర్థం. అందువల్ల వారానికొకసారి చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు మీద వాటిని తూచి పుస్తకంలో రాస్తాము. మా పక్షులు 35 గ్రాముల అటూ ఇటూ తూగుతాయి. మూడు నాలుగు గ్రాములు తగ్గితే మనిషి ఏడెనిమిది కిలోలు తగ్గినంత పని.

ఇషా తర్వాత పలుచని నూలు గుడ్డతో పంజరాన్ని మూడు వైపులా కప్పుతాము. వాటికి 10 నుంచి 12 గంటల చీకటి నిద్ర కావాలి. టీవీ వెలుగులో, అర్ధరాత్రి మాటల్లో మేలుకుని ఉండే పక్షి మనిషిలాగే చిరాకుపడుతుంది. వాటి నిద్ర కోసం మేము ముందుగదిలో త్వరగా దీపం ఆర్పడం మొదలుపెట్టాము. ఇంటి వాళ్ళ నిద్ర కూడా కుదుటపడింది.

ఎంత పెద్ద పంజరమైనా రోజుకు గంటయినా బయట ఎగిరితేనే రెక్కలు రెక్కలుగా ఉంటాయి. అస్ర్ తర్వాత ఆ గది తలుపులు మూసి, కిటికీలకు తెరలు వేసి, సీలింగ్ ఫ్యాను ఆపి, నీళ్ళ బకెట్లకు మూతలు పెట్టి, అద్దానికి గుడ్డ కప్పి పంజరం తలుపు తీస్తాము. తిరిగే ఫ్యాను, మూతలేని బకెట్టు, ఈ రెండూ మన ఇళ్ళలో పెంపుడు పక్షులకు ప్రాణాంతకాలు. మొదటి నెలల్లో ఆకుపచ్చది గది చుట్టేస్తుంటే, ఈకలు కత్తిరించిన నీలంది పంజరం పైన కూర్చుని చూసేది. రెండుసార్లు ప్రయత్నించి నేల మీద పడింది. కింద దుప్పట్లు పరిచాము. కత్తిరించిన ఈకలు ఊడి కొత్తవి రావడానికి నెలలు పడుతుంది. ఎనిమిదో నెలలో ఒక సాయంత్రం అది పంజరం మీద నుంచి లేచి, గది దాటి, అమ్మీ కుర్చీ వెనక వాలింది. ఆ రోజు నుంచి అది కమ్మీని కొరకడం మేము చూడలేదు.

వేసవి వీటికి పరీక్షే. మా గుంటూరులో ఎండ 45 డిగ్రీల దాకా వెళ్ళే రోజులుంటాయి. ఎండు దేశపు పక్షులే కదా అని ఉపేక్షించరాదు. అక్కడ అవి నీడకు, నీటికి ఎగిరిపోగలవు, పంజరంలో మనం చూపిన చోటే గతి. నోరు తెరిచి రొప్పుతూ, రెక్కలు ఒంటికి దూరంగా పట్టుకుంటే వేడికి తాళలేకపోతున్నాయని అర్థం. పంజరంపై ఒక పక్క తడిగుడ్డ వేస్తాము, గాలి ఆడేలా మరో పక్క వదిలేస్తాము. వెడల్పాటి మట్టి మూకుడులో అంగుళం లోతు నీళ్ళు పెడితే రెండూ దిగి స్నానం చేస్తాయి. కరెంటు పోయిన మధ్యాహ్నాల్లో అమ్మీ విసనకర్ర తీసుకుంటారు.

వచ్చిన వారు అడిగే ఇంకో ప్రశ్న, మట్టి కుండ పెట్టరా అని. కుండ పెడితే జంట గుడ్లు పెడుతుంది, పిల్లలవుతాయి, అమ్ముకోవచ్చు. పాత పంజరంలో కుండ ఉండేది. మేము తీసేశాము. బడ్జీలు తొర్రల్లో గుడ్లు పెట్టే పక్షులు. తొర్రలాంటి చోటు లేకపోతే సాధారణంగా గూడు జోలికి పోవు. పుట్టబోయే పిల్లలకు ఈ కొలత పంజరం, ఈ గంట ఎగిరే సమయం, ఈ ముడులు వేసే చేతులు దొరుకుతాయని మేము హామీ ఇవ్వలేము. హామీ ఇవ్వలేని అమానతును పెంచుకుంటూ పోకూడదు.

"అబ్బూ, పంజరం ఎంత పెద్దగా ఉంటే అది పంజరమని వాటికి తెలియకుండా ఉంటుంది?" అని మా అమ్మాయి ఒకసారి మమ్మల్ని అడిగింది. అలాంటి కొలత లేదని నిజమే చెప్పాము. దివ్యఖుర్ఆన్‌లోని 'అన్ఆమ్' సూరా 38వ ఆయతు రెక్కలతో ఎగిరే పక్షులను కూడా మనవంటి సముదాయాలుగానే పేర్కొంటుంది. ఒక సముదాయపు బతుకును కమ్ముల మధ్యకు తెచ్చినది మనుషులే. దానిని పూర్తిగా తిరిగి ఇవ్వడం ఇప్పుడు ఎవరి వల్లా కాదు. చేయగలిగింది ప్రతిరోజూ కొంత చెల్లించడమే. కొమ్మ రూపంలో, కంకి రూపంలో, పొగలేని గాలి రూపంలో, తెరిచిన తలుపు రూపంలో. అమ్మాయి కాసేపు ఆలోచించి, అయితే అస్ర్ తర్వాత గంటను గంటన్నర చేద్దామంది. చేశాము.

పండుగకు చిలుక కావాలని పిల్లలు అడిగే ఇళ్ళు చాలా ఉంటాయి. వద్దని ఒక్క మాటతో తోసిపుచ్చనక్కరలేదు, వెంటనే దుకాణానికీ పరుగెత్తనక్కరలేదు. బడ్జీ చక్కగా చూసుకుంటే 5 నుంచి 10 ఏళ్ళు బతుకుతుంది. ఇవాళ అడిగిన బిడ్డ అప్పటికి కాలేజీలో ఉంటుంది. ఆ ఏళ్ళన్నిటా పొట్టు ఊదేది ఎవరు, ఎండలో తడిగుడ్డ వేసేది ఎవరు, ఊరికి వెళ్తే ఎవరికి అప్పగిస్తారు అన్నవి ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోవలసిన విషయాలు. మేము ఒక సలహా ఇస్తాము. ముందు సరైన కొలత పంజరం ఒక్కటే తెచ్చి, కొమ్మలు బిగించి, ఖాళీగా ఉంచండి. రోజూ ఉదయం దాని అడుగున కాగితం మార్చమని, రెండు పూటలా నీళ్ళు మార్చమని పిల్లలకు చెప్పండి. నెల గడిచిన తర్వాత కూడా ఎవరూ గుర్తు చేయకుండానే కాగితం మారుతూ ఉంటే, అప్పుడు పక్షి సంగతి ఆలోచించండి.